బైపీసీ చదివిన అమ్మాయి ఇంటీరియర్ డిజైన్‌కు వెళ్ళొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయనకు ప్లైవుడ్, హార్డ్‌వేర్ షాపు ఉంది. మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ కోచింగ్‌కు కూడా డబ్బు కట్టాం. ఇప్పుడేమో మెడిసిన్ వద్దు, ఇంటీరియర్ డిజైన్ చదువుతానంటోంది. లెక్కలు లేకుండా ఆ సీటు వస్తుందా? బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఇప్పుడే అడ్వాన్స్ కడితే సీటు ఉంచుతామంటున్నారు. ఆడపిల్ల సైట్ల వెంట తిరగాలంటే నాకు భయంగా ఉంది. మా ఆయనేమో ‘షాపుకు వచ్చే డిజైనర్లను చూస్తూనే ఉన్నాను, వాళ్ళకేం మిగులుతుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి. మీ అమ్మాయి ఇష్టాన్ని అనుమానించి ఈ మాట అనడం లేదు. ఈ చదువు తనకు సరిపడుతుందో లేదో మీ ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. అది తేలాక ఫీజు సంగతి చూద్దాం.

బైపీసీతో మూసుకుపోయేది బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ దారి. ఆ ఐదేళ్ళ కోర్సుకు ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాల్సిందే. ఇంటీరియర్ డిజైన్‌కు ముఖ్యంగా ఉన్నది నాలుగేళ్ళ బీడిజైన్ అనే డిగ్రీ. దీన్ని చాలాచోట్ల ఏ గ్రూపు వాళ్ళైనా చదవొచ్చు. అయినా నోటిఫికేషన్‌లో అర్హత ఏం రాశారో ప్రతిసారీ మీరే చదివి చూసుకోండి, ఏజెంటు మాట నమ్మి ఊరుకోవద్దు. ఇంకో తేడా కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్ళే ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన వేసుకోవాలి. ఇంటీరియర్ డిజైనర్లకు అలాంటి చట్టమూ లేదు, లైసెన్సూ లేదు. రేపు మీ అమ్మాయిని ఎవరూ ఆపరు, కానీ ఏమీ చదవనివాడు పక్క వీధిలో అదే బోర్డు పెట్టుకున్నా ఎవరూ ఆపరు. అందుకే ఈ రంగంలో డిగ్రీ కాగితం కన్నా చేతిలో ఉన్న పని ఎక్కువ మాట్లాడుతుంది.

ఆ పని ఎలా ఉంటుందో ఇంట్లోనే చూద్దాం. పబ్లిక్ పరీక్షలు అవగానే మీ వంటింటిని కొలవమనండి. ఒక టేపు, గ్రాఫ్ పేపరు చాలు. గోడ పొడవు ఒక్కచోట కొలిస్తే సరిపోదు. నేల దగ్గర, నడుము ఎత్తులో, సజ్జ కింద, మూడుచోట్లా కొలవాలి. ప్లాస్టరింగ్ అయిన గోడల్లో ఈ మూడూ సమానంగా రావడం అరుదు, అర అంగుళం తేడా మామూలే. రెండు గోడల మధ్య బిగించే కప్‌బోర్డును అన్నిటికన్నా తక్కువ కొలతకు చేయాలి, లేకపోతే అది లోపలికే పోదు. తర్వాత గ్యాస్ సిలిండర్ ఎక్కడ, మిక్సీ ప్లగ్గు ఎక్కడ, ఫ్రిజ్ తలుపు తీస్తే మనిషి నిలబడే చోటుందా, పై అరలోని డబ్బా మీకు స్టూలు లేకుండా అందుతుందా, ఇవన్నీ గుర్తించి ఇరవయ్యో వంతు స్కేలులో గీయాలి. గీసింది మీ షాపుకు వచ్చే కార్పెంటర్‌కు ఇచ్చి, మాటసాయం లేకుండా దీన్ని చూసి చెక్క కోయగలవా అని అడగండి. అతను పది ప్రశ్నలు వేస్తాడు. వాటికి విసుక్కోకుండా, మళ్ళీ కొలిచి మళ్ళీ గీస్తే ఆ పిల్ల ఈ చదువుకు తగినది. ఇన్‌స్టాగ్రామ్‌లో సోఫా రంగులు ఎంచుకోవడమే బాగుండి, టేపు పట్టుకోగానే విసుగొస్తే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిదే.

మీ ఆయన షాపు ఆ పిల్లకు పెద్ద ఆస్తి. చాలామంది పిల్లలు కాలేజీలో రెండేళ్ళయినా ప్లైవుడ్ షీటును చేత్తో ఎత్తి చూసి ఉండరు. వేసవిలో రోజూ ఒక పూట కౌంటర్ దగ్గర కూర్చోనివ్వండి. ఎనిమిది నాలుగడుగుల షీటులో వృథా తగ్గేలా ముక్కలు ఎలా పడాలి, సింకు కింద ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ఎందుకు వేస్తారు, గదిలో బీరువాకు మామూలు వాడకానికి చేసే ఐఎస్ 303 రకం ఎక్కడ సరిపోతుంది, ఇవి నాన్న దగ్గరే నేర్చుకుంటుంది.

మీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మన ఊళ్ళలో చాలామంది డిజైనర్లు డ్రాయింగ్ ఊరికే ఇచ్చి, మెటీరియల్ మీద వచ్చే కమిషన్‌తో బతుకుతున్నారు. ఆయనకు అది కౌంటర్ అవతల నుంచి రోజూ కనబడేదే. నాకు ఆ పద్ధతి నచ్చదు, ఇల్లు చేయించుకునే మనిషికి తెలియకుండా అతని జేబులోంచే పోయే డబ్బది. ఫీజు తీసుకుని పనిచేయాలంటే ఆ ఫీజుకు తగ్గ డ్రాయింగ్ ఇవ్వగలగాలి. అది చేతికి రావాలంటే డిగ్రీ అయ్యాక ఒక మంచి ఆఫీసులో రెండు మూడేళ్ళు తక్కువ జీతానికి పనిచేయాలి. అప్పటిదాకా ఇంట్లోంచి కొంత సాయం అవసరమే, దానికి సిద్ధపడండి.

ఆ తర్వాత పని ఇళ్ళలోనే ఉండాలని లేదు. తిరుపతి చూడండి, ఊరంతా లాడ్జిలు, హోటళ్ళు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు. లాడ్జి గది మాత్రం ఇద్దరు మనుషులు, ఒక సూట్‌కేసు అన్న లెక్కతో కడతారు. దిగేది ఆరుగురి కుటుంబం. తెల్లవారుజామున స్నానాలు చేసి తడిబట్టలు ఆరేసుకోవడానికి దండెం ఉండదు, ఆరు జతల చెప్పులు తలుపు దగ్గరే, సంచులు మంచం మీదే. ఈ చిక్కును రోజూ చూస్తూ పెరిగిన పిల్లకు ఇక్కడ చేయగలిగిన పని చాలా ఉంది.

సైట్ల గురించి దాచకుండా చెబుతాను. దుమ్ము ఉంటుంది, కార్పెంటర్లతో, ఎలక్ట్రీషియన్లతో వాదనలుంటాయి, అప్పగించే ముందు రోజుల్లో పొద్దుపోతుంది కూడా. ఈ పని చేస్తున్న ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. మొదటి ఏళ్ళలో సీనియర్ వెంట వెళ్ళడం, రాకపోకలకు బండి ఏర్పాటు, ఆలస్యమైతే ఇంటికి ఫోను, ఇవి ముందే మాట్లాడుకోండి. సైట్ పూర్తిగా వద్దనుకుంటే డ్రాఫ్టింగ్, త్రీడీ, మాడ్యులర్ కిచెన్ షోరూమ్ ఉద్యోగాలున్నాయి. కానీ సైట్ తెలియని డిజైనర్ ఎదుగుదల ఒకచోట ఆగిపోతుంది.

ఇక కాలేజీలు. మీకు దగ్గరలో కడప ఉంది. అక్కడి డాక్టర్ వైఎస్‌ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బీడిజైన్ ఇంటీరియర్ డిజైన్ కోర్సుకు ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష పెడుతుంది, దాని నోటిఫికేషన్ చూడండి. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో, ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్ ఉంది, ఏ గ్రూపు వాళ్ళైనా రాయొచ్చు, పోటీ మాత్రం చాలా గట్టిది. మన రాష్ట్రంలోని ఎన్‌ఐడీలో ఈ విభాగం లేదు. ఐఐటీ బొంబాయి జనవరిలో పెట్టే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్షకు కూడా బైపీసీ అడ్డు కాదు, కానీ ఐఐటీల బీడిజైన్ ఇంటీరియర్ మీద నడిచే చదువు కాదు. మన ఇళ్ళలో ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక గానీ ఈ ఆలోచన మొదలవదు. ఎన్‌ఐడీ, యూసీడ్ దరఖాస్తులేమో పబ్లిక్ పరీక్షలకు ఎంతో ముందే ముగిసిపోతాయి. ఈసారి గడువు దాటిపోయి ఉంటే దిగులు పడకండి.

ఊళ్ళో ఏదైనా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ‘ఫలానా ప్రైవేటు యూనివర్సిటీతో టైఅప్, డిగ్రీ వాళ్ళదే’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ప్రైవేటు యూనివర్సిటీలు బయటి కాలేజీలకు అనుబంధం ఇవ్వకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ నిబంధన.

మిగిలిన కొద్ది నెలలూ ఇంటర్ చదువు మీదే ఉండమనండి, మార్కులు ఎక్కడికెళ్ళినా పనికొస్తాయి. నీట్ రాయాలా వద్దా తననే తేల్చుకోనివ్వండి, కట్టిన కోచింగ్ ఫీజు గుర్తుచేసి రాయించవద్దు.

వంటింటి డ్రాయింగ్ నిలబడితే అప్పుడు బెంగళూరు వెళ్ళండి, అమ్మాయిని వెంటబెట్టుకుని. ఆ యూనివర్సిటీ పేరు యూజీసీ జాబితాలో ఉందేమో బయల్దేరే ముందే చూసుకోండి. అక్కడ రిసెప్షన్‌లో కూర్చోబెట్టి బ్రోచర్ ఇస్తారు. వర్క్‌షాప్ తెరిచి చూపించమనండి. రంపాలు, మెషీన్ల మీద రంపపు పొట్టు ఉందా, కొత్తగా మెరుస్తున్నాయా గమనించండి. మూడో ఏడు పిల్లలు గీసిన షీట్లు అడగండి, ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలో, ఎవరు చూపిస్తారో ఆ పిల్లలనే అడగండి. కట్టేటప్పుడు రీఫండ్ షరతులు కాగితం మీద తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వదిలి రాకండి. వాటిని తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.