పెళ్లికూతురి మేకప్‌లో గీతలు కనపడకుండా: కొత్తగా బ్రష్ పట్టిన అమ్మాయికి

అమ్మలూ,

శ్రావణంలో నీకు మొదటి పెళ్లి ఆర్డరు వచ్చిందని, అదీ పొద్దుటి ముహూర్తమని విని చాలా సంతోషించాను. నువ్వు పంపిన ట్రయల్ ఫొటోలు పెద్దవి చేసి మరీ చూశాను. కళ్లు బాగున్నాయి, బేస్, అంటే ముఖమంతా వేసే ఫౌండేషన్ పొర, బాగుంది. ఆ రెండూ కలిసే చోటే, కంటి బయటి మూల నుంచి కణత దాకా, గీత గీసినట్టు తేడా తెలిసిపోతోంది. బ్రష్ మరీ ఎక్కువ తిప్పడం వల్ల వచ్చిన తంటా అది. బ్లెండ్ చేసేటప్పుడు కరగాల్సింది రంగు అంచు ఒక్కటే. నువ్వు మొత్తం రుద్దేస్తున్నావు, మధ్యలో రంగు పోతోంది, పోయిందని మళ్లీ పెడుతున్నావు, కొత్త అంచు పుడుతోంది. ఈ ఒక్కటీ సరిచేసుకుంటే మిగతావన్నీ దారిలోకి వస్తాయి.

ముందు ఫౌండేషన్ షేడ్ సంగతి. పెళ్లికూతుర్ని చేసినప్పుడు నలుగు పెట్టి, పసుపు రాస్తారు కదా. ఆ పసుపు ఒకటి రెండు రోజులు చర్మాన్ని వదలదు. దాని మీద షేడ్ చూస్తే బాగా పసుపుపచ్చనిది ఎంచుకుంటావు, తీరా భుజాలు వేరే రంగులో ఉంటాయి. అందుకే ట్రయల్ పసుపుకి ముందే చేసుకో. పెళ్లిరోజు ముఖం మీద ఇంకా పసుపు కనిపిస్తే నీళ్లతో రుద్దకు. ఆ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. క్లెన్సింగ్ ఆయిల్ అద్దిన దూదితో నెమ్మదిగా తుడిచి, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో శుభ్రంగా కడిగించు. జిడ్డు మిగిలిందా, బేస్ నిలవదు.

షేడ్‌ని దవడ మీద మెడలోకి జారేలా మూడు గీతలు గీసి, కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో చూడు. గీసిన వెంటనే తేల్చేయకు, పది నిమిషాలాగు. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ముదురుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు "కాస్త తెల్లగా చెయ్యమ్మా" అంటారు. గౌరవంగానే కాదని చెప్పు. రెండు షేడ్లు తెల్లగా వేసిన బేస్‌ని చెవి దగ్గరా, మెడ దగ్గరా కలపగలిగే బ్రష్ లేదు. ఫొటోలో ఆ ముఖం బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ పిల్ల చామనఛాయైతే చామనఛాయలోనే వెలిగిపోవాలి, మన పని అదే.

మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగు. ప్రైమర్ (ఫౌండేషన్ కింద వేసే పొర), ఫౌండేషన్ రెండూ నీళ్ల ఆధారంగా చేసినవో, రెండూ సిలికాన్‌వో అయ్యేలా చూసుకో. పొసగని జోడీ అయినా, కింద పొర ఇంకకముందే పైన రుద్దినా, ముద్దలు ముద్దలుగా రాలుతుంది.

ఇక కళ్లు. ముదురు రంగులు వేస్తున్నావు కాబట్టి బేస్‌కన్నా ముందు కళ్లే చెయ్యి, రాలిన పొడి సులువుగా తుడిచేసుకోవచ్చు. రెప్పకి ఐ ప్రైమర్ బియ్యపు గింజంత చాలు. అది తడిగా ఉండగా ఐషాడో పెడితే పెట్టినచోటే అతుక్కుని మచ్చ కడుతుంది, ఎంత తిప్పినా కదలదు. నీ ట్రయల్‌లో కుడి కన్ను మీద కనిపిస్తున్న మచ్చ అదే. చర్మం రంగు పౌడర్ పలచగా అద్ది, వేలు పెడితే జారాలి, అప్పుడు మొదలుపెట్టు.

మొదటి రంగు ఆమె చర్మం కన్నా ఒక షేడ్ ముదురు మ్యాట్ బ్రౌన్. కళ్లు తెరిచి నిన్నే చూడమను. రెప్ప ముడత ఎక్కడ పడుతుందో దానికి కాస్త పైన పెట్టాలి. మూసిన కంటి మీద చూసి పెడితే కళ్లు తెరిచేసరికి రంగంతా మడతలో దాక్కుంటుంది. కుచ్చు వదులుగా ఉన్న మెత్తటి బ్రష్ తీసుకుని, కాడని చివర పట్టుకో. దగ్గరగా పట్టుకుంటే తెలియకుండానే ఒత్తిడి పడుతుంది. ఒక్కసారి అద్ది, అంచుకి తట్టి దులిపి, అటూ ఇటూ నెమ్మదిగా, తర్వాత చిన్న చిన్న సున్నాలు. ముదురు మెరూన్‌నో కాఫీ రంగునో చిన్న బ్రష్‌తో బయటి మూలలో మాత్రం నొక్కు, లాగకు. ఇప్పుడు ఏ రంగూ అద్దని శుభ్రమైన బ్రష్‌తో ఆ రెండు రంగులు కలిసే గీత మీద మాత్రమే తిప్పు. ఆ బ్రష్‌ని ఎప్పుడూ విడిగా పెట్టుకో, ఇంకే పనికీ వాడకు. అంచు ఇంకా మొండికేస్తే చర్మం రంగు పౌడర్ కొంచెం తీసుకుని బయటి నుంచి లోపలికి రా. మెరుపు షాడో అన్నిటికన్నా చివర, రెప్ప నడిమధ్య, వేలితో అద్దు. మెరుపుని బ్రష్‌తో తిప్పితే చెంపల దాకా చల్లినట్టవుతుంది.

కాటుక లేకుండా మన పెళ్లికూతురు ఉండదు, కానీ నూనె ఉన్న ఇంటి కాటుక హోమం పొగ ముందు నిలవదు. వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ పెట్టు. అది అరనిమిషంలో బిగుసుకుంటుంది, ఒక కన్ను గీసి వెంటనే దాన్ని మెత్తబరిచి, ఆ తర్వాతే రెండో కంటికి వెళ్లు. పైన అదే రంగు షాడో సన్నగా నొక్కు. కింది రెప్ప వెంట్రుకల దగ్గర, మొదట రెప్ప ముడత దగ్గర (క్రీజ్‌లో) వాడిన బ్రౌన్‌నే లేతగా నడిపించు. లేకపోతే పై రెప్ప, కింది రెప్ప వేర్వేరు మనుషులవిలా ఉంటాయి.

బేస్‌కి స్పాంజ్‌ని నీళ్లలో నానబెట్టి ఉబ్బనిచ్చి, ఇడ్లీ బట్టను పిండినట్టు ఒక్క చుక్క రాకుండా పిండు. పొడి స్పాంజ్ సగం ఫౌండేషన్ తాగేస్తుంది, తడి ఎక్కువైతే చారలు పడతాయి. కంటి కింద నల్లదనానికీ మూతి చుట్టూ ముదురుదనానికీ ముందు నారింజ కరెక్టర్, అదీ నలుపు ఉన్నచోటే, సన్నగా. దాన్ని వదిలేసి, మచ్చలు కప్పే కన్సీలర్ మందంగా పూస్తే బూడిద రంగు తేలుతుంది, గంటలో గీతల్లో చేరుతుంది. ఫౌండేషన్ ముఖానికి పంపుతో రెండు నొక్కులు, మెడకీ చెవులకీ ఇంకొకటి. ముక్కు పక్కల నుంచి బయటికి తడుతూ వెళ్లు, దవడ దగ్గరికి వచ్చేసరికి స్పాంజ్ మీద మిగిలినదే సరిపోవాలి. పాపిడిబిళ్ల కింద చర్మం, చెవి తమ్మెలు, బ్లౌజ్ వీపు దగ్గర కనిపించే భాగం మర్చిపోకు. జుట్టు మొదట్లో స్పాంజ్ మీద ఏమీ వేయకుండా తట్టు.

క్రీమ్ పనులన్నీ, క్రీమ్ కంటూర్ (ముఖానికి నీడలా వేసే ముదురు రంగు), క్రీమ్ బ్లష్ సహా, పౌడర్‌కి ముందే అయిపోవాలి. పౌడర్ పడ్డాక దాని మీద క్రీమ్ పెడితే కింద బేస్ కూడా లేచి వస్తుంది, అక్కడ ఇక కడగడమే మార్గం.

కణత దగ్గర నీ గీతకి మందు ఇక్కడుంది. కంటి బయటి రంగు కనుబొమ్మ చివర వైపు పలచబడుతూ పోవాలి. బ్లష్ చెంప ఎముక మీద నుంచి అదే కణత వైపు పలచబడుతూ పైకి రావాలి. ఈ రెండింటి మధ్య వేలెడు ఖాళీ వదులు. ఆ ఖాళీలో ముఖానికి వాడిన కంటూర్ పౌడర్ మిగిలిన బ్రష్‌నే ఒకటి రెండుసార్లు తాకించు. అదే పౌడర్ క్రీజ్‌లో బ్రౌన్ మీద కూడా ఒకసారి నడిపిస్తే కన్నూ ముఖమూ ఒకే చేతి పనిలా కలుస్తాయి. పెద్ద చిట్కాలా అనిపించదు గానీ ఫొటోల్లో దీని తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పౌడర్‌కి ముందు ముఖం మీద టిష్యూ పరిచి అరచేత్తో నొక్కు. పౌడర్ కళ్ల కింద, ముక్కు పక్కల, నుదుటి మీద చాలు. తెల్లటి సిలికా పౌడర్లు మామూలు వెలుతుర్లో కనిపించవు, ఫ్లాష్ పడగానే తెల్లగా తేలతాయి. గది చీకటి చేసి నీ ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసుకుని చూశాకే లేవనియ్యి.

మంటపంలో నీ పని ఇంకా ఉంది. బాసికం దారం కణతల మీద ఒరుసుకుంటుంది, అక్కడ ముందే సెట్టింగ్ స్ప్రే ఒక పొర ఎక్కువ వెయ్యి, జానెడు దూరం నుంచి. బుగ్గచుక్క కూడా పౌడర్ అయ్యాకే, లేకపోతే బ్లష్‌లోకి పాకుతుంది. పొగకి కళ్లు నీళ్లు పెట్టుకుంటే తుడవొద్దని, టిష్యూ మొనతో కింది నుంచి అద్దుకోమని పక్కనుండే తోడికి ముందే నేర్పు. తలంబ్రాల పసుపు బియ్యం అంటుకుంటే పొడి బ్రష్‌తో దులిపెయ్. చెమట మీద నేరుగా పౌడర్ వేశావంటే ముద్ద కడుతుంది. ముందు టిష్యూతో అద్ది, వట్టి తడి స్పాంజ్‌తో తట్టి, అప్పటికీ కావాలంటేనే పౌడర్.

టైము లెక్క వేసుకునేటప్పుడు ముహూర్తం నుంచి వెనక్కి లెక్కించకు. గౌరీపూజకి అమ్మాయిని ఎన్నింటికి కూర్చోబెడతారో పురోహితుణ్ని అడిగించు. దానికి ముందు మేకప్‌కి రెండు గంటలు, జడకీ చీరకీ ఇంకో గంటన్నర నీ చేతిలో ఉండాలి.

ఆశీస్సులతో,
పిన్ని