మూడేళ్లుగా పదకొండేసి నెలల కాంట్రాక్టులే, ఇప్పుడు రావద్దన్నారు: కేసు వేయాలా, కోర్సులో చేర్పించాలా?

శ్రీకాళహస్తి నుంచి ఒక తండ్రి రాశారు: "మా పాప ఈసీఈ డిప్లొమా. శ్రీసిటీలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో మూడేళ్లు చేసింది. పదకొండు నెలలకోసారి కొత్త కాగితం మీద సంతకం, మధ్యలో రెండు రోజులు గ్యాప్. పోయిన నెల ఫోన్ చేసి రేపట్నుంచి రావద్దన్నారు. కేసు వేస్తే ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వరు, సంబంధాలూ రావు. ఎనభై వేలు కట్టి డేటా అనలిటిక్స్‌లో చేర్పించమంటారా?"

అన్నా, సత్యవేడు నుంచీ ఇదే ప్రశ్న, సూళ్లూరుపేట నుంచీ ఇదే. పాపకి పని రాక తీసేశారని నలుగురూ అనుకుంటారేమో అన్నదే మీ అసలు టెన్షన్. పని రాని పిల్ల చేత మళ్లీ మళ్లీ సంతకం పెట్టించుకుంటారా? ముందు ఆ మాట పాపకి చెప్పండి.

గడువు తీరాక రెన్యువల్ చేయకపోతే చట్టం దాన్ని తొలగింపు కింద లెక్కేయదు, కంపెనీ మొదట చెప్పేది ఇదే. అందుకే చివరి లెటర్‌లో తేదీ చూడండి. గడువు ఉండగానే ఆపేస్తే మీ పట్టు గట్టిది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాదిలో 240 రోజులు చేసిన కార్మికురాలిని తీసేయాలంటే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, దానిపైన సర్వీసులో పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. గడువు తీరాకే ఆపినా దారి మూసుకుపోదు: పర్మనెంట్ హక్కులు రాకుండా చేయాలనే ఏళ్ల తరబడి టెంపరరీగా ఉంచడం అదే కోడ్‌లో తప్పుడు విధానాల జాబితాలో ఉంది. కాకపోతే ఏళ్లు పట్టొచ్చు, చివరికి ఉద్యోగం బదులు డబ్బే రావచ్చు.

ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. నెలనెలా డబ్బు కంపెనీ పేరుతో పడిందా, లేబర్ కాంట్రాక్టర్ పేరుతోనా? ఫిర్యాదు ఎవరి మీదో అక్కడ తెలుస్తుంది. షిఫ్టుల వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉంటే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోమనండి. కార్మిక శాఖలో రాజీ ప్రయత్నానికి రెండేళ్లే గడువు, నాన్చొద్దు.

ఇక ఆ కోర్సు సంగతి. నాకు దాని మీద నమ్మకం తక్కువ. హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అన్నవాళ్లని ఏ కంపెనీ, ఎవరి పేరోల్, ఎన్ని నెలల లెటర్ అని అడగండి, మాట మార్చేస్తారు. ఇలాంటి కోర్సు చేసి బెంగళూరు వెళ్లి, థర్డ్ పార్టీ పేరోల్‌లో, అంటే జీతమిచ్చేది మధ్యలోని ఏజెన్సీ, ఆరు నెలల కాంట్రాక్టుకి చేరిన పిల్లలు నా దగ్గరికి తిరిగి వస్తున్నారు. ఎనభై వేలు పెట్టి పాపని అదే చోటికి పంపుతారా? సర్క్యూట్ బోర్డులో ఏ పార్ట్ సరిగా కూర్చోలేదో చూసి సరిచేసే చెయ్యి ఆ పిల్లది. ఏర్పేడు, రేణిగుంట వైపు యూనిట్లకి కావలసింది ఆ అనుభవమే. ఇంకా చదవాలంటే డిప్లొమా వాళ్లకుండే ఎంట్రన్స్ ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

సంబంధాలు రావన్నారే, ఆ మాటకి నాకు కోపమొచ్చింది. మూడేళ్లు నైట్ షిఫ్టులు చేసి ఇంటికి జీతం పంపేటప్పుడు గుర్తురాని సంబంధాలు, తన డబ్బు తను అడిగేటప్పుడే గుర్తొచ్చాయా? ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, చిత్తూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. పాపని వెంట తీసుకెళ్లండి, తననే మాట్లాడనివ్వండి. ఈలోపు ఫుల్ అండ్ ఫైనల్, అంటే లెక్కలన్నీ తీరిపోయాయి అని కంపెనీ ఏ కాగితం పంపినా అక్కడి లాయర్ చూడకుండా సంతకం పెట్టనివ్వకండి.