ఉన్ని వ్యాపారం కాదు, బొచ్చుతోళ్ల వ్యాపారం

సందేహం: డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతుంటాను. ఫ్రెంచివారు తొలిరోజుల్లో కెనడాలో చేసిన ‘ఫర్ ట్రేడ్’ను ఒక పుస్తకంలో ‘ఉన్ని వ్యాపారం’ అన్నారు. ఒక గైడులో ‘తోలుల వ్యాపారం’ అని ఉంది. ఇంకోచోట ‘బొచ్చు వ్యాపారం’ అని చూశాను గాని, ఆ మాట క్లాసులో పలికితే పిల్లలు నవ్వుతున్నారు. ఏది సరైనది? అలాగే మర్కంటిలిజాన్ని వర్తకవాదం అనాలా, వాణిజ్యవాదం అనాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అమ్మా, మీరు రాసిన వాటిలో ‘ఉన్ని’ ఒక్కటే పూర్తిగా తప్పు. తోలు, బొచ్చు అన్న మిగతా రెండు మాటలూ విడివిడిగా చాలవు, కలిస్తే సరిపోతాయి. ‘బొచ్చుతోళ్ల వ్యాపారం’ అని రాయండి. ఎందుకో చెప్పాలంటే సరుకు దగ్గరికి వెళ్లాలి. సరుకేమిటో చూడకుండా నిఘంటువు తెరిచి, మొదట కనిపించిన తెలుగు మాటను తెచ్చి అతికించడం ఈమధ్య మన పాఠ్యపుస్తకాల్లో బాగా ఎక్కువైంది. దానివల్ల వాక్యం చెడితే సర్దుకోవచ్చు, కానీ ఇక్కడ చరిత్రే తారుమారవుతోంది.

ఉన్ని అన్న మాట సంస్కృత ‘ఊర్ణ’ నుంచి ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది. సాలెపురుగును ఊర్ణనాభం అనేది ఆ ఊర్ణతోనే. ఉన్ని కత్తిరించాక గొర్రె మందలో కలుస్తుంది, మళ్లీ పెరిగితే మళ్లీ కత్తిరిస్తారు. కాబట్టి ‘ఉన్ని వ్యాపారం’ అని చదివిన విద్యార్థి మనసులో మందలు, పచ్చిక బీళ్లు, కాపరులు, వాళ్ల పల్లెలు మెదులుతాయి. కెనడాలో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున జరిగింది దీనికి పూర్తిగా వేరు. అక్కడి సరుకు బీవర్, అంటే వాగులకు అడ్డంగా కర్రలతో, మట్టితో కట్టలు కట్టుకుని బతికే జంతువు. (దీన్ని కొందరు ‘నీటికుక్క’ అని అనువదిస్తున్నారు. నీటికుక్క మన చెరువుల్లో, ఏటి పాయల్లో చేపలు తినే ఆటర్. బీవర్ చెట్ల బెరడు తింటుంది. దానికి మన దగ్గర పేరు లేదు, ఎందుకంటే మన దగ్గర ఆ జంతువే లేదు. బీవర్ అనే రాయండి.) బీవర్‌ను చంపితే గాని సరుకు చేతికి రాదు. ఒక వాగులో అవి అయిపోతే పక్క వాగుకు, అదీ ఖాళీ అయితే ఇంకా పడమటికి పోవాలి. 1600లో ఆ నది ఒడ్డునే టాడూసాక్ దగ్గర చిన్న స్థావరంతో కుదురుకున్న వ్యాపారం, 1608లో ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ క్యుబెక్ కట్టాక, వందేళ్లు తిరగకుండానే పెద్ద సరస్సులు దాటి మిసిసిపీ దాకా పాకడానికి ఇదొక పెద్ద కారణం.

వేటాడిందీ, తోళ్లు సిద్ధం చేసిందీ స్థానిక జాతులవారే. హ్యూరన్లు (వెండాట్లు) లోపలి ప్రాంతాల తోళ్లు పోగుచేసి ఫ్రెంచివారికి తెచ్చేవారు. గొర్రెలు మేపాలంటే కాపరులు, రైతులు కావాలి. బీవర్ తోళ్లు కొనడానికి కొద్దిమంది గుమాస్తాలు, పడవలు, కత్తులు, రాగి పాత్రలు ఉంటే చాలు. 1627లో ఫ్రాన్సు రాజు మంత్రి రిషెల్యూ వందమంది భాగస్వాములతో కంపెనీ పెట్టి, తోళ్ల వ్యాపారం మొత్తం దాని చేతిలో పెట్టి, బదులుగా పదిహేనేళ్లలో 4,000 మందిని అక్కడ స్థిరపరచాలని షరతు విధించాడు. 1663 నాటికి కూడా ఆ కాలనీలో ఉన్న ఫ్రెంచి జనం సుమారు 3,000. దీన్ని ‘వలస’ అంటాం గాని, వలస వెళ్లినవాళ్లు ఇంత తక్కువ ఎందుకో ‘ఉన్ని’ అన్న మాటతో మీ పిల్లలకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక తోలు. ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడతాను, ఎందుకంటే ఈ మాటకు మనం చేస్తున్న అన్యాయం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

తోలు అచ్చమైన ద్రావిడ పదం. తమిళ, మలయాళాల్లో తోల్, కన్నడంలో తొగలు. పశువులను తోలడం వేరే మాట. బొచ్చు తీసినదానికో మాట, తీయనిదానికో మాట అన్న పట్టింపు మన తోలుకు మొదటినుంచీ లేదు. వెలుగు చొచ్చేలా గీకి బొమ్మలాటకు వాడేదీ తోలే, చెప్పులు కుట్టేదీ తోలే, శివుడు కట్టుకున్న పులితోలూ తోలే. వేమన పద్యం చూడండి:

“ఎలుక తోలు దెచ్చి ఏడాది ఉతికిన
నలుపు నలుపె గాని తెలుపు గాదు”

ఆ నలుపు ఎక్కడిది? బొచ్చుది. బొచ్చు గీకేసిన తోలయితే పద్యానికి పసే లేదు. అంటే ఆ పద్యం విన్న పల్లెటూరి మనిషికి ‘తోలు’ అనగానే బొచ్చుతో సహా కళ్లముందు నిలిచిందన్నమాట. కొందరు ‘ఎలుగు తోలు’ అని చదువుతారు. నాకు ఆ పాఠమే ఇష్టం, ఎలుగుబంటి నలుపు ముందు ఎలుక నలుపు ఏపాటిది?

సంస్కృతంలో ఇంకో ముచ్చటైన మాట ఉంది, అజినం. ‘అజ’ అంటే మేక. మొదట మేకతోలును అజినం అని ఉంటారు. తర్వాత అది జింకతోలుకు, పులితోలుకు పాకింది. కృష్ణాజినం అంటే నల్లజింక తోలు, బొచ్చుతోనే. ఒడుగులో వటువుకు కట్టే ముక్కను చూసినవారికి ఇది చెప్పక్కర్లేదు. అమరకోశం ‘అజినం చర్మ కృత్తిః’ అని మూడింటినీ ఒకచోట చేర్చింది. కృత్తి అంటే కోసి తీసినది, దాన్ని కట్టుకున్నవాడు కనుక శివుడు కృత్తివాసుడు. వాడుకలో మాత్రం బొచ్చున్నదానికి అజినం, పనికి తయారైనదానికి చర్మం అన్న తేడా చాలావరకు నిలిచింది. అలాగని గీత గీసి కూర్చోలేం. అదే అమరకోశం గబ్బిలాన్ని ‘అజినపత్ర’ అంది, అంటే తోలు రెక్కలది. ఆ రెక్క మీద బొచ్చు ఎక్కడుంది? కాబట్టి ఫర్‌కు సరిగ్గా సరిపోయే సంస్కృత పదం ఇదేనని నేను పట్టుబట్టను. ‘లోమచర్మ వాణిజ్యం’ లాంటి సమాసాలు కల్పించేవారికి ఒక్కటే మనవి: ఇంట్లో ఉన్న తోలును వదిలి పరుగులు పెట్టకండి.

మరి ‘తోలు’ ఒక్కటే చాలదా? పాత తెలుగులో చాలేది. ఈనాటి చెవికి ‘తోలు వ్యాపారం’ అంటే చెప్పులు, బ్యాగులు, తోళ్లు పదునుచేసే కార్ఖానాలే వినిపిస్తున్నాయి. పైగా ఆ తేడా కెనడాలోనే ఉంది. ఫ్రెంచివారు మూస్ అనే భారీ దుప్పి తోళ్లను కూడా కొనేవారు, అవి బొచ్చు తీసి వాడే రకం. ఖజానా రెంటినీ విడిగానే లెక్కేసింది: బీవర్ తోళ్ల మీద నాలుగో వంతు సుంకం, మూస్ తోళ్ల మీద పదో వంతు. సుంకంవాడు చూపిన ఈ తేడాను పాఠం రాసేవాడు చెరిపేయకూడదు. అందుకే బొచ్చును ముందు చేర్చమంటున్నాను.

ఇప్పుడు మీ పిల్లల నవ్వు సంగతి. బొచ్చు మంచి తెలుగు మాట. కుందేలు బొచ్చు, ఒంటె బొచ్చు, కోడికి బొచ్చు పీకడం, బొచ్చుకుక్క, ఇవన్నీ ఇప్పటికీ ఇళ్లలో అనేవే. నాలుగు సినిమా డైలాగుల్లో, వీధి తగాదాల్లో తిట్టుగా వాడారని మాటనే వెలివేస్తే ఇంక మన దగ్గర ఏ మాట మిగులుతుంది? మీరు సంకోచించకుండా పలకండి, రెండు క్లాసులయ్యాక వాళ్లే అలవాటు పడతారు. ‘ఫర్ కోటు’ అని అందరూ అంటున్నారు కాబట్టి కోటుకు ఫర్ ఉంచేసినా నాకు అభ్యంతరం లేదు.

బీవర్ బొచ్చులో రెండు పొరలుంటాయి. పైన పొడుగాటి గరుకు వెంట్రుకలు. వాటి అడుగున మెత్తగా, దట్టంగా ఉండేదానికి తెలుగులో ఎంత చక్కటి మాట ఉందో చూడండి: నూగు. నూగు మీసంలోని నూగే. (నువ్వులను నూగులు అనడం ఇక్కడికి పనికిరాదు.) యూరప్ వెర్రెక్కిపోయింది ఈ నూగు కోసమే. బీవర్ నూగులో కంటికి కనిపించని ముళ్ల లాంటి కొనలుంటాయి. తడిపి, వేడిచేసి, నలిపితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని, నేత లేకుండానే దట్టమైన గుడ్డగా బిగుసుకుంటాయి. అదే ఫెల్ట్. దానితో చేసిన టోపీ వానకు తడిసినా ఆకారం చెడదు. పడమటి యూరప్‌లో బీవర్లను అప్పటికే దాదాపు తుడిచిపెట్టేశారు కాబట్టి అందరి కళ్లూ కెనడా మీద పడ్డాయి.

టోపీ చేయాలంటే పై వెంట్రుక పోవాలి, నూగు మిగలాలి. ఆ పని స్థానికులు తెలియకుండానే చేసిపెట్టారు. వాళ్లు తోలు లోపలివైపు గీకి, మూలుగ రాసి మెత్తబరచి, ఐదు నుంచి ఎనిమిది తోళ్లు మూస్ నరాలతో కలిపి కుట్టి, బొచ్చు ఒంటికి తగిలేలా కప్పుకునేవారు. ఏడాది, ఏడాదిన్నర తొడిగేసరికి ఒంటి రాపిడికి పై వెంట్రుకలు రాలిపోయి, చెమట, కొవ్వు పట్టి తోలు మెత్తబడేది. ఫ్రెంచివారు దాన్ని ‘కాస్తోర్ గ్రా’ అన్నారు, ఎండబెట్టి నేరుగా తెచ్చినదాన్ని ‘కాస్తోర్ సెక్’ అన్నారు. తెలుగులో జిడ్డుతోలు, ఎండుతోలు అనుకుందాం. ఎక్కువ ధర పలికింది తొడిగి పాతబడ్డ జిడ్డుతోలుకే. 1534లో ఫ్రెంచి నావికుడు కార్టియే కెనడా తూర్పు తీరాన షాలర్ అఖాతంలో దిగినప్పుడు అక్కడి మిక్మాక్ జనం ఒంటిమీది తోళ్లు కూడా ఇచ్చేసి వట్టి ఒంటితో వెళ్లారని ఆ యాత్ర వృత్తాంతం చెబుతుంది. దాన్ని అమాయకత్వంగా చూపించే పాఠాలు నాకు నచ్చవు. 1634లో పాల్ లె జూన్ అనే జెసూట్ పాదిరి, తనతో ఉన్న ఒక స్థానికుడు అన్న మాట రాసిపెట్టాడు: బీవర్ అన్నీ చక్కగా చేసిపెడుతుంది, కడవలు, గొడ్డళ్లు, కత్తులు, రొట్టె కూడా, ఇంగ్లీషువాళ్లకు బుద్ధి లేదు, ఒక్క బీవర్ తోలుకు ఇరవై కత్తులు ఇస్తున్నారు, అని. బేరం ఇద్దరికీ తెలుసు. (బేరం కూడా వ్యవహారం నుంచి బేహారం మీదుగా వచ్చిందే.)

మర్కంటిలిజం గురించిన రెండో ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు నా దగ్గర లేదు. ‘వర్తకవాదం’ అంటే వర్తకుల పక్షాన మాట్లాడే వాదం అనిపిస్తుంది. జరిగింది అది కాదు. మర్కంటిలిజం అంటే ఏమిటో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ లెక్క చూస్తే తెలుస్తుంది: దేశంలోకి బంగారం, వెండి రావాలి, బయటికి పోకూడదు, కాలనీ ముడిసరుకు పంపాలి, తయారైన సరుకు ఫ్రాన్సు నుంచే కొనాలి. ఈ లెక్కలో వర్తకుడికీ సంకెళ్లే. రాడిసన్, గ్రోసెయ్యే అనే ఇద్దరు 1660లో పడవల నిండా తోళ్లు తెస్తే, అనుమతి లేకుండా వెళ్లారని గవర్నరు జరిమానా వేశాడు. వాళ్లు విసిగి ఇంగ్లీషువారి పక్షం చేరారు, దాంతో 1670లో ఇంగ్లీషువారి తోళ్ల వ్యాపార సంస్థ హడ్సన్ బే కంపెనీ పుట్టింది. 1681లో ఫ్రాన్సు ఏడాదికి 25 లైసెన్సులే ఇస్తామంది. తెచ్చిన తోళ్లన్నీ నిర్ణీత ధరకు కొనే ఏర్పాటు ఉండటంతో గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. చివరికి 1696లో రాజు పడమటి స్థావరాలే మూసేయమన్నాడు. కెనడాలోనే బీవర్ టోపీలు చేస్తున్న కార్ఖానాలను 1736లో మూయించారు. తోలు అక్కడిదైనా టోపీ ఫ్రాన్సులోనే తయారవ్వాలి, అదే సూత్రం.

ఈ సూత్రం మన తీరానికీ తగిలింది. అదే కోల్బేర్ 1664లో పెట్టించిన ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీ 1669లో మచిలీపట్నంలో కోఠీ తెరిచింది. ఫ్రెంచిపేట అన్న పేరు ఇప్పటికీ ఉంది. మన అద్దకపు బట్టలు ఫ్రాన్సులో బాగా అమ్ముడై అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లను దెబ్బతీస్తున్నాయని 1686లో రంగుటద్దకపు నూలుబట్టలనే నిషేధించారు. మీ పిల్లలకు కలంకారీ చూపించి ఈ పాఠం మొదలుపెట్టండి, వెంటనే పట్టుకుంటారు.

కనుక పెత్తనం వర్తకుడిది కాదు, రాజ్యానిది. ‘వాణిజ్యవాదం’లో కనీసం వ్యక్తి కనిపించడు, వ్యవహారం కనిపిస్తుంది, నేను అటే మొగ్గుతాను. అయితే రాజ్యం అన్న అర్థం అందులోనూ లేదు. మొదటిసారి ‘రాజ్య వాణిజ్యవాదం’ అని రాసి తర్వాత కుదించుకోవచ్చు. మర్కంటిలిజం అనే ఉంచి ఒక పేరా వివరణ ఇచ్చినా తప్పు పట్టను. పరీక్ష పేపర్లో వర్తకవాదం అని వస్తే విద్యార్థికి మార్కు కోయకండి, ఆ మాట పుస్తకాల్లో పాతుకుపోయింది.

చివరిగా మీ గైడులోని ‘తోలుల’. కాలు కాళ్లు, వేలు వేళ్లు, తేలు తేళ్లు అయినట్టే తోలు తోళ్లు అవుతుంది. సరుకును మొత్తంగా చెప్పేటప్పుడు ‘బొచ్చుతోలు వ్యాపారం’ అని ఏకవచనంలో రాసినా చెల్లుతుంది. ‘తోలుల’ మాత్రం ఎవరూ పలకని మాట, కొట్టేయండి.