చిరిగిన పుటకు టేపు వెయ్యకమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే పనికి ముందుకొచ్చావని తెలిసి ఎంతో సంతోషించాను. మొట్టమొదట సెల్లోటేపు పక్కన పెట్టు. దాని జిగురు కొన్నేళ్లకు పచ్చబడి కాగితంలోకి దిగుతుంది. టేపు ఊడినా మరక పోదు. మనం వేసే అతుకు రేపు ఇంకొకరు తడిపి తీయగలిగేలా ఉండాలి. ప్లాస్టిక్ లామినేషన్ కూడా అందుకే వద్దంటాను.

జిగురుకు మైదా కాదు, గ్లూటెన్ (గోధుమలోని సాగే ప్రోటీన్) తీసేసిన గోధుమ స్టార్చి కావాలి. ఒక వంతు స్టార్చికి 5 వంతుల నీళ్లు పోసి అరగంట నాననివ్వు. తర్వాత సన్నసెగ మీద, చెయ్యి ఆపకుండా కలుపుతూ 20–30 నిమిషాలు ఉడికించు. పాలలాంటి తెలుపు పోయి, కాస్త నిగనిగలాడుతూ గరిటెకు పట్టుకుంటుంది. చల్లారాక సన్న జల్లెడలో రెండుసార్లు వడకట్టి, వాడేముందు నీళ్లతో మీగడంత పలచన చెయ్యి. పులిసిన వాసన వస్తే పారబొయ్యి.

అతుకుకు జపాన్ టిష్యూ అనే పలచని, పొడవాటి పీచున్న కాగితం వాడు. కత్తెరతో కోయకు. తడి కుంచెతో గీత గీసి చేత్తో లాగితే అంచున పీచు నిలుస్తుంది, ఆ పీచే పుటను పట్టుకుంటుంది. కత్తిరించిన అంచయితే, పుట తిప్పగా తిప్పగా అక్కడే విరుగుతుంది. చిరుగుకు అటూ ఇటూ 3 మిల్లీమీటర్లు చాలు. టిష్యూ పీచు పుట పీచు నడిచే దిక్కునే ఉండాలి. అతికాక పైనా కిందా జిగురు అంటుకోని సిలికాన్ కాగితం, దాని మీద తడి పీల్చే అద్దుడు కాగితం పరిచి అరకిలో బరువు పెట్టు. 10 నిమిషాలకు అద్దుడు కాగితం మార్చి రాత్రంతా వదిలెయ్యి. ముడతలు పడ్డాయంటే సాధారణంగా జిగురులో నీళ్లు ఎక్కువైనట్టే.

సిరా కరిగే రాతప్రతుల జోలికి మాత్రం వెళ్లకు. ముట్టుకుంటే పెళుసుగా రాలే పుటలకూ అతుకు వెయ్యకు. కాగితంలోని ఆమ్లం వాటిని లోపలినుంచే తినేసింది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతాయి. ఆమ్లం లేని అట్టపెట్టెలో భద్రపరచి, స్కాన్ చేయించు.

బీరువాలోంచి పుస్తకం తీసేటప్పుడు వెన్ను పైఅంచు పట్టి లాగొద్దని అందరికీ చెప్పు. రెండు పక్కల పుస్తకాలను లోపలికి నెట్టి, నడుము దగ్గర పట్టుకోవాలి.

వాననీళ్లకు తడిస్తే 48 గంటల్లోపే బూజు మొదలవ్వచ్చు. ఎండలో పెట్టకు, ఫ్యాను గాలికి ఆరబెట్టు. నున్నటి ఆర్ట్ పేపర్ పుస్తకాలు ఆరుతూ ఆరుతూ ఇటుకలా అతుక్కుపోతాయి కాబట్టి, వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే వాటిని తడిగానే డీప్ ఫ్రీజర్‌లో పెట్టించు.