కింది ఫ్లాట్ బాబు గురించి ఎవరికి చెప్పాలి?

"అక్కా, మా కింది ఫ్లాట్‌లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. వాళ్లింట్లోంచి ఎప్పుడూ ఒకటే ఘాటు వాసన. వాళ్ల నాన్న పట్టపగలే సోఫాలో ఒళ్లు తెలియకుండా పడి ఉంటాడు. ఆ బాబు మా పాపతో ఆడుకోవడానికి వచ్చి ఆకలేస్తోందంటాడు. మేం వచ్చి నాలుగు నెలలే అయింది. మనకెందుకులే అంటున్నారు మా ఆయన."

డాలస్ దగ్గర నుంచి ఒక చెల్లెలు అడిగిన మాట ఇది.

చెల్లెమ్మా, ఫోన్ చెయ్యి. ఈ రోజే చెయ్యి. టెక్సాస్‌లో పిల్లలకి కీడు జరుగుతోందని పిల్లల రక్షణ శాఖకి చెప్పే నంబర్ 1-800-252-5400, పగలూ రాత్రీ పనిచేస్తుంది. టీచర్లు, డాక్టర్లే కాదు, ఒక పిల్లవాడికి కీడు జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలన్నది అక్కడి చట్టం. తెలిసీ ఊరుకుంటే అదే నేరం. న్యూజెర్సీలోనూ అందరికీ ఈ బాధ్యత ఉంది. ఏ రాష్ట్రంలో ఎవరికి చేయాలో తెలియనివాళ్లు 1-800-422-4453కి చేస్తే దారి చూపిస్తారు.

మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. వీసా మీద ఉన్నాం, పోలీసులు, కోర్టులు అంటే ఎవరికైనా టెన్షనే. కానీ మంచి మనసుతో చెప్పినవాళ్లకి, ఆ అనుమానం తప్పని తేలినా, చట్టం రక్షణ ఇస్తుంది. టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు నుంచి పేరు చెప్పకుండా ఫిర్యాదు తీసుకోవడం లేదు కాబట్టి నీ పేరు అడుగుతారు. కంగారుపడకు, దాన్ని గోప్యంగా ఉంచుతారు.

"వాళ్లు డ్రగ్స్ వాడుతున్నారు" అని నువ్వు తేల్చి చెప్పక్కర్లేదు, రుజువులూ అక్కర్లేదు. చూసింది చూసినట్టు చెప్పు: ఏ రోజు, ఎన్ని గంటలకి, తండ్రి ఎలా ఉన్నాడు, బాబు ఏమన్నాడు. బాబుని కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేయకు, అది ఆ పని తెలిసినవాళ్లకి వదిలేయాలి. తండ్రిని నిలదీయొద్దు. మన వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టొద్దు. బాబు వస్తే అన్నం పెట్టు. మీ పాపని మాత్రం ఆ ఇంటికి పంపకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఒకప్పుడు ఊరుకున్నాను. ఒహాయోలో మేం కొత్తగా ఉన్నప్పుడు ఎదురింటి పాప జనవరి చలిలో చెప్పులు లేకుండా, తడిసిన సాక్సులతో మా తలుపు కొట్టేది. చేతిలో ఖాళీ సీరియల్ గిన్నె. పెరుగన్నం పెడితే గిన్నె నాకినంత శుభ్రంగా తినేది. "అమ్మ నిద్రపోతోంది" అనేది ప్రతిసారీ. మూడు వారాలు "మనకెందుకు" అనుకుంటూ గడిపాను. ఒక రాత్రి అంబులెన్స్ వచ్చింది. తల్లి మత్తుమందు డోసు ఎక్కువై పడిపోతే, ఆ పాప ఆమె తల పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుంది. తల్లి బతికింది. పాపని వాళ్ల అమ్మమ్మ తీసుకెళ్లింది. ఆ మూడు వారాల్లో నేను ఒక్క ఫోన్ చేసి ఉంటే అనిపిస్తుంది ఇప్పటికీ.

ఫోన్ చేస్తే పిల్లల్ని లాక్కుపోతారని మనవాళ్లు అనుకుంటారు. ప్రతిసారీ అలా జరగదు. ముందు ఆ శాఖవాళ్లు వచ్చి చూస్తారు. తల్లిదండ్రులకి చికిత్స దారి చూపించడం, పిల్లవాణ్ణి కొన్నాళ్లు బంధువుల దగ్గర ఉంచడం కూడా ఉంటాయి. కానీ ఇంట్లో మత్తుమందు ఉంటే ముప్పు తిండి, నిద్రలతో ఆగదు. 2023లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, ఇంట్లో నడిపే ఒక డే కేర్‌లో, ఫెంటానిల్ అనే ప్రమాదకరమైన మత్తుమందు సోకి ఏడాది పసివాడు చనిపోయాడు. పిల్లలు ఆడుకునే చోట నేల కిందే దాన్ని దాచారు.

మన ఇళ్ల సంగతీ ఒక మాట. నలుగురు కలిసి ఉండే ఇళ్లలో గంజాయి గమ్మీలు ఫ్రిజ్‌లో పెట్టడం చూశాను. పిల్లలకి అవి మామూలు జెల్లీ మిఠాయిలే. గంజాయి కొన్ని రాష్ట్రాల్లో అమ్ముతున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, గ్రీన్ కార్డ్ దగ్గర పెద్ద చిక్కు. కొత్తగా ఎవరింట్లోనైనా దిగితే అలాంటివి ఉన్నాయా అని ముందే అడుగు.

పిల్లలు అలాంటిది తిన్నారని తెలిస్తే, మెలకువగానే ఉంటే, 1-800-222-1222కి చెయ్యి, అది పాయిజన్ కంట్రోల్, అంటే విషం లాంటిది తింటే ఏం చేయాలో చెప్పే కేంద్రం. లేపినా లేవకపోయినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా ఆలోచించకుండా 911. కింది బాబు విషయంలోనూ అంతే. ఫ్లాట్ నంబర్, వీధి పేరు ఇప్పుడే ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకో. కంగారులో సొంత అడ్రసు కూడా గుర్తురాదు.