వేడి తెలియనిది బలంగా ఉన్న కాలికే.. ఎందుకిలా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగు నెలల క్రితం మేడ మీంచి పడి వెన్నుకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయింది. చేతులు బాగున్నాయి. ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తున్నాను, కుడి కాలు బలంగానే ఉంది. నిన్న స్నానం చేస్తుంటే వేడినీళ్లకు ఎడమ కాలు చురుక్కుమంది, కుడి కాలికి తెలియనే లేదు. సాయంత్రానికి కుడి పాదం బొబ్బలెక్కింది. ఎందుకిలా?

జవాబు: ముందు ఆ బొబ్బల సంగతి చూడండి. చిదమకండి. శుభ్రమైన పొడి గుడ్డ వదులుగా కప్పి ఈరోజే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పాదంలో గాయం ఎంత లోతో నొప్పిని బట్టి చెప్పలేం.

మీ లక్షణాలను బట్టి వెన్నుపాములో ఎడమ సగం ఎక్కువగా దెబ్బతిన్నట్టుంది. దీన్ని బ్రౌన్ సెకార్డ్ సిండ్రోమ్ అంటాం. కాలిని కదిలించే నాడులు వెన్నుపాములో ఆ కాలి పక్కనే దిగుతాయి. అందుకే ఎడమ కాలు బలహీనపడింది. నొప్పి, వేడి, చల్లదనం తెలిపే నాడులు మాత్రం వెన్నుపాములోకి రాగానే అవతలి పక్కకు దాటి పైకి వెళ్తాయి. అంటే కుడి కాలి వేడి మెదడుకు చేరాలంటే దెబ్బతిన్న ఎడమ పక్క నుంచే వెళ్లాలి. తాకితే తెలియడానికి ఇంకో దారి కూడా ఉంది. కాబట్టి కుడి కాలిని ముట్టుకుంటే తెలుస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. చాలామంది కాళ్లు కాల్చుకునేది ఇక్కడే.

బకెట్‌లో ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేడినీళ్లు పట్టండి. మోచేతితో చూశాకే పోసుకోండి. కుడి కాలికి వేడి కాపడం వద్దు. రోజూ రాత్రి అద్దం పెట్టుకుని మడమలు, వేళ్ల సందులు, పిరుదులు చూసుకోండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే అక్కడ బరువు పడనివ్వకండి, డాక్టరుకు చూపించండి.

ఎడమ పాదం ఎక్కడ పడుతోందో చూడకుండా తెలియడం కూడా తగ్గి ఉంటుంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే తూలిపోవచ్చు. కుర్చీలో కూర్చునే స్నానం చేయండి.

ఈసారి పరీక్షలో గుండుసూదితో చూసినప్పుడు మొద్దుబారిన చోటు పై అంచు ఎక్కడుందో రాయించుకోండి. బొడ్డు దగ్గరైతే అది పదో ఛాతీ నాడి ప్రాంతం. దెబ్బతిన్న వెన్నుపాములో నెలలు, ఏళ్ల తర్వాత కూడా నీటి సంచి ఏర్పడవచ్చు. అప్పుడు ఆ అంచు పైకి పాకుతుంది, వెంటనే ఎంఆర్‌ఐ కావాలి. మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ కొత్తగా స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.