తుప్పు మీద లప్పం పెట్టొద్దు తల్లీ

చిట్టితల్లికి,

బావగారి కారుకి నువ్వే రంగు వేస్తానంటున్నావని అక్క ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మగపిల్లలెవరూ ఎమరీ కాగితం ముట్టుకోలేదు, నువ్వు పట్టుకుంటానన్నావు. ఆ మాట వినగానే కడుపు నిండిపోయింది. కానీ ఈ ఆదివారమే మొదలుపెడతావట అనేసరికి కంగారొచ్చింది. శ్రావణ మాసం, బయట ముసురు. గాలిలో ఇంత చెమ్మ ఉన్నప్పుడు రంగు పైన మెరుపుకి వేసే క్లియర్ కోటు కొడితే తెల్లగా పాలిపోతుంది. రంగు సంక్రాంతి వెళ్ళాక చూద్దాం. తుప్పు మాత్రం అప్పటిదాకా ఆగదు. దాని పని ఇప్పుడే పట్టు.

ఫొటోలు చూశాను. బానెట్ మీద కొబ్బరి మట్ట పడ్డ గీత, వెనక చక్రం పైఅంచున రెండు పొక్కులు. గీత సంగతి తేలిక. కడిగి, ఆరాక, గోటితో అడ్డంగా గీసి చూడు. గోరు జారిపోతే గీత పై క్లియర్ కోటులోనే ఉన్నట్టు, కాంపౌండు అనే పాలిష్ పేస్టుతో రుద్దితే పోతుంది. అతిగా రుద్దకు, ఆ పొర సుమారు 40, 50 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. గోరు పట్టేస్తే రంగు వెయ్యక తప్పదు. అడుగున ఇనుము మెరుస్తుంటే దాన్నీ తుప్పు కిందే లెక్కవెయ్యి.

ఇక ఆ రెండు పొక్కులు. చిన్నవే కదా, పైన కాస్త లప్పం, అదే గుంటలు పూడ్చే పుట్టీ, పూసేస్తే సరిపోతుందని ఎవరైనా చెబుతారు. వినకు.

నేను పని నేర్చుకున్న అమలాపురం షెడ్డులో మేస్త్రి చెయ్యి గొప్పది. ఆయన లప్పం పెడితే వేలితో తడిమినా అతుకు తెలిసేది కాదు. ఒకసారి ఓడలరేవు వైపు నుంచి రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన అంబాసిడర్ తెచ్చాడు. కూతురి పెళ్ళి దగ్గరపడింది. తలుపుల కింద అంచంతా తుప్పు. రేకు కోసి కొత్తది వెయ్యాలి, వారం పడుతుందన్నాడు మేస్త్రి. ముహూర్తం ఆగదన్నాడు ఆసామి. బతిమాలాడు. చివరికి మేస్త్రి మెత్తబడ్డాడు. పైపైన గీకి, తుప్పు మీదే లప్పం పెట్టి, ప్రైమరు, తెల్ల రంగు కొట్టేశాడు. పెళ్ళిలో ఆ బండిని చూసినవాళ్ళు కొత్తదనే అనుకున్నారు.

వానలు పడ్డాక బండి మళ్ళీ వచ్చింది. అంచు పొడుగునా బొబ్బలు. మేస్త్రి స్క్రూడ్రైవరు మొనతో ఒకదాన్ని పొడిస్తే లప్పం పెచ్చుగా ఊడి చేతిలోకొచ్చింది. వెనక రేకు లేదు, ఎర్రటి పొడి ఉంది. లప్పం నీళ్ళు పీల్చే సరుకు. పీల్చిన చెమ్మ ఎటూ పోదు, ఇనుముని తింటూ కూర్చుంటుంది. తిన్న ఇనుము తుప్పుగా మారి ఉబ్బుతుంది, ఉబ్బి రంగుని పైకి లేపుతుంది. పైగా సముద్రపు గాలి, చెరువుల ఉప్పు. రేకు గుంటల్లో చేరిన ఉప్పు వాన లేని రోజు కూడా గాలిలోంచి తడి లాక్కుంటుంది. ఆసామి ఒక్క మాట కూడా అనలేదు. మేస్త్రే కూలి తీసుకోకుండా అంచంతా కొత్త రేకుతో వెల్డింగ్ చేయించాడు. ఆ తర్వాత ఎవరు ఏ ముహూర్తం చెప్పినా తుప్పు మీద లప్పం పెట్టలేదు.

అందుకని మొదట ఆ వెనక చక్రం గూడు లోపలి భాగమంతా మంచినీళ్ళతో బాగా కడుగు. బావగారు అంతర్వేది ఇసుకలోకి బండి దించుతారని నాకు తెలుసు. చుట్టూ టేపు వేసి, 80 నంబరు ఎమరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గియ్యి. పొక్కు ఎంత కనబడుతోందో అంతకంటే వెడల్పుగా తుప్పు పాకి ఉంటుంది, భయపడకు. గుంటల్లో నల్ల చుక్కలు మిగిలితే అవీ తుప్పే. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాసి, డబ్బా మీద చెప్పినట్టు చెయ్యి. తర్వాత 180, 320తో చుట్టూ ఉన్న రంగు అంచుని చెయ్యి జారేలా సాపు చెయ్యి. అదే రోజు తడిని ఆపే ఎపాక్సీ ప్రైమరు పడిపోవాలి. మన దగ్గర ఉత్త ఇనుముని రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. మామూలు ప్రైమరు తడి పీలుస్తుంది, అది వద్దు. లప్పం కావాలంటే ఈ ఎపాక్సీ మీదే, అదీ పల్చగా. వాన లేని రోజే ఎంచుకో తల్లీ, తొందరేముంది?

ఇది మాత్రం నా మాటగా విను. గట్టిపడటానికి హార్డెనర్ అనే మందు కలిపే క్లియర్ కోటు నువ్వు కొట్టొద్దు. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేటు అనే మందు ఉంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా, దుమ్ము మాస్కు పెట్టుకున్నా అది ఆగదు. ఒకసారి ఒంటికి పడకపోతే, తర్వాత కొంచెం గాలి తగిలినా ఉబ్బసం లేస్తుంది. మా మేస్త్రి జేబురుమాలు కట్టుకునే పనిచేశాడు. ఆఖరి రోజుల్లో మంచం దిగి గుమ్మం దాకా రావడానికి మధ్యలో కూర్చునేవాడు. నీకు చిన్నప్పుడు ఆయాసం వచ్చేది, రాత్రుళ్ళు నిన్ను భుజాన వేసుకుని తిప్పాను. నాకు గుర్తుంది, నువ్వు మర్చిపోయి ఉంటావు. ఎపాక్సీలో కలిపే హార్డెనర్ వేరే రకం. అయినా చేతికి తొడుగులు, ముఖానికి బొగ్గు కార్ట్రిడ్జి మాస్కు, పని ఆరుబయట. వీటిలో ఒక్కటి తగ్గినా నేను ఒప్పుకోను.

సంక్రాంతి తర్వాత మంచు విడిచాక, పది గంటలు దాటి, నీడలో రంగు వేద్దువుగాని. ప్రైమరుని ముందు 600 వాటర్ పేపరుతో కాస్త గరుకు చెయ్యాలి. రంగు కోడు స్టిక్కరు మీద ఉంటుంది, తలుపు పక్క స్తంభం మీదో ఇంజను దగ్గరో వెతుకు. మీది సిల్వర్ కాబట్టి అతుకు కొంచెం తెలుస్తుంది. తెలియనీ. బానెట్ మాత్రం మంచి స్ప్రే గన్ను ఉన్న షెడ్డుకిచ్చి మొత్తం కొట్టించు, మధ్యలో మచ్చ వేస్తే ఏ ఎండలోనైనా కనబడుతుంది.

డబ్బాలు కొనేముందు లేబుళ్ళ ఫొటోలు నాకు పంపు. నల్ల చుక్క పోయిందో లేదో అనుమానంగా ఉంటే వీడియో కాల్ చెయ్యి, నేను చూసి చెప్పేదాకా ప్రైమరు మూత తియ్యకు.

మావయ్య